వ్యక్తి పొరపాటు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, నాచారం పారిశ్రామికవాడలోని ఇందుశేఖర డోర్స్ యార్డు మేస్త్రి కనకరాజును పనిలోంచి తీసేశారు. మేనేజరు హృషికేశ్ ఆ మాట ఫోనులో చెప్పాడు. కనకరాజు అప్పుడు మల్లాపూర్‌లో ఇంటి ముందు బండి తుడుచుకుంటున్నాడు. కారణం అడగలేదు. కారణం ఆయనకు తెలుసు.

కిందటి వారం జరిగింది ఇది. పచ్చముద్ర అనేది చెక్క వస్తువుల మీద వేసే గుర్తు. నరికిన చోట మళ్లీ పెంచే అడవుల నుంచి, తోటల నుంచి వచ్చిన చెక్కతోనే ఈ తలుపు తయారైందని ఆ గుర్తు కొనేవాళ్లకు చెబుతుంది. బయటి దేశాల కొనుగోలుదారులు దాన్ని ఒప్పుకునే ముందు, దాని వెనకున్న ప్రమాణాలు ఎంతవరకు నిలుస్తాయో ఎవరైనా పరిశీలించి చెప్పాలన్నారు. ఆ పని పరిశీలకురాలు హరితకు వచ్చింది. ఆమె ఇందుశేఖర డోర్స్ యార్డుకు వెళ్లింది. పచ్చముద్ర చెక్కను మామూలు చెక్క నుంచి వేరుచేస్తూ నేల మీద పసుపు గీత ఉండాలి. గీత ఉంది. గీతకు రెండు వైపులా ఉన్న చెక్క మాత్రం కలిసిపోయి ఉంది.

ఎందుకని అడిగితే కనకరాజు దాచలేదు. ఆయుధపూజకు యార్డంతా ఖాళీ చేసి కడిగారు. మిషన్లకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, సాయంత్రానికి చెక్కను తిరిగి పేర్చారు. ఎప్పుడూ పేర్చినట్టే మందం చూసి పేర్చారు. ఇంచున్నరది ఇంచున్నరతో, రెండించులది రెండించులతో. ముద్ర చెక్క కొసలకు వేసిన పచ్చరంగు కోతలోనే పోయింది. ఏ పలక ఏ అడవిదో ఆ తర్వాత చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ చెక్కతో చేసిన తలుపులకు ముద్ర వేస్తూనే ఉన్నారు.

"యార్డు సాఫ్ జెయ్యమని మేనేజర్ సారే జెప్పిండు" అని కూడా కనకరాజు అన్నాడు. ఆ మాటను హరిత తన నివేదికలో ఆయన పేరుతో సహా రాసింది.

మంగళవారం పదకొండింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గరున్న పచ్చముద్ర కార్యాలయంలో సమావేశం మొదలైంది. మూడో అంతస్తు. కిటికీలోంచి నాగోల్ వైపు పోయే మెట్రో కనిపిస్తుంది. గదిలో ముగ్గురున్నారు. ప్రమాణాల సంఘం అధ్యక్షుడు అచ్యుతరావు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలో చెక్క మీద పనిచేసి రిటైరైన మనిషి. పచ్చముద్ర ప్రమాణాలు రాసింది ఆయనే. హరితకు మొదటి ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే. రెండో మనిషి హృషికేశ్. మూడో మనిషి హరిత.

హృషికేశ్ ముందు మాట్లాడాడు.

"సార్, కరెక్టివ్ యాక్షన్ అయిపోయింది. రెస్పాన్సిబుల్ పర్సన్‌ను పొద్దున్నే తీసేసినం. ఇగ క్లోజ్ చేసుకోవచ్చు."

"ఎవర్ని?" హరిత అడిగింది.

"రిపోర్టుల మీరే పేరు రాసిన్రు గద మేడం. ఆయన్నే."

హరిత అచ్యుతరావు వైపు చూసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రమాణాల పుస్తకం తెరిచాడు. ఏడో నిబంధన దగ్గర ఆగాడు. ఆ నిబంధన ఆయన చూడకుండా చెప్పగలడు. అయినా చదివాడు. లోపం రెండు రకాలు. వ్యవస్థలో ఉన్న లోపమైతే ముద్ర ఆపాలి, తయారై ఉన్న సరుకు మీది ముద్ర తీసేయాలి, యార్డును మొదటినుంచీ తనిఖీ చేయాలి. వ్యక్తి పొరపాటు అయితే ఆ వ్యక్తి విషయంలో చర్య తీసుకుని లోపాన్ని మూసేయవచ్చు. ముద్ర ఆగదు.

"ఇది వ్యక్తి పొరపాటు కిందికే వస్తుందమ్మా" అన్నాడు. "పేర్చినవాడు చూసుకోవాల్సింది. చూసుకోలేదు. నువ్వు అలా రాసి సంతకం పెడితే ఇందుశేఖర విషయం తేలిపోతుంది. మన పరిశీలన కూడా పూర్తవుతుంది."

"సార్, ఒకటి అడుగుతాను. దసరా తర్వాత వెళ్లిన తలుపుల్లో ఉన్న చెక్క ఏ అడవిది?"

"లెక్క సరిపోయింది కదా. ముద్ర చెక్క ఎంత కొన్నారో అంతకు మించి ముద్ర వేయలేదు."

"లెక్క అడగలేదు సార్. చెక్క అడిగాను."

హృషికేశ్ నవ్వాడు. "మేడం, చెక్క మీద ఆధార్ నంబరుంటదా?"

అచ్యుతరావు నవ్వలేదు. "హరితా, పాలకేంద్రంలో పది ఊళ్ల పాలు ఒకే ట్యాంకులో పోస్తారు. నీ గ్లాసులోకి ఏ గేదె పాలు వచ్చాయో ఎవరు చెబుతారు? ఊళ్లన్నీ నీళ్లు కలపకుండా పోశాయా లేదా, అదీ చూడాల్సింది. ప్రపంచంలో చాలా ముద్రలు ఇలాగే నడుస్తున్నాయి."

"ఏ గేదె అని నేను అడగను సార్. ప్యాకెట్టు మీద ఫలానా ఊరి గేదె పాలే అని రాస్తే అడుగుతాను. మన ముద్ర మీద ఏం రాసి ఉంది? ఈ తలుపులోని చెక్క అని రాసి ఉంది. లెక్కలోని చెక్క అని లేదు."

అచ్యుతరావు పుస్తకం మూశాడు. వేలు మాత్రం ఏడో నిబంధన దగ్గరే ఉంచాడు.

"ఇన్నేళ్ల లోపాల ఫైళ్లన్నీ చదివాను సార్" అంది హరిత. "మూసేసినవన్నీ. ప్రతి చోటా వ్యక్తి పొరపాటే. గీత దాటి చెక్క పెట్టింది లోడింగు మనిషి. తప్పు స్టిక్కరు అంటించింది ప్యాకింగు మనిషి. చర్లపల్లిలో ఒకామెను ట్రైనింగుకు పంపామని రాశారు. ఆమె అంతకు ముందే పని మానేసింది. ఒక్క చోట కూడా చెక్క కొనే పద్ధతి మారలేదు. యార్డు మారలేదు. మనుషులు మారారు."

"అంటే మనుషులు పొరపాట్లు చెయ్యరా మేడం?" హృషికేశ్ అన్నాడు.

"చేస్తారు. మీరు తనిఖీ ఎప్పుడో తెలిసి గీతకు రంగు వేస్తారు. అదీ మనుషులు చేసేదే. అది మాత్రం ఏ లోపంలోనూ లేదు."

"రంగు వెయ్యకపోతే గీత లేదని రాస్తరు. వేస్తే ఎందుకు వేసిన్రని అడుగుతున్రు. మమ్మల్నేం జెయ్యమంటరు?"

"మీరడిగింది కరెక్టే" అంది హరిత. "దానికి జవాబు ఈ పుస్తకంలో ఉండాలి. లేదు."

అచ్యుతరావు కళ్లజోడు తీశాడు.

"మొదటి ముసాయిదాలో ఈ నిబంధన లేదు, తెలుసా నీకు? లోపం దొరికితే ముద్ర ఆగిపోవడమే. చాలా గట్టిగా రాశాను. రెండేళ్లు ఒక్క చిన్న ఫ్యాక్టరీ కూడా రాలేదు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి అన్నీ తిరిగాను. అందరూ ఒకటే అన్నారు. సార్, ఒక కూలివాడు పలక తప్పు పెడితే మా ఫ్యాక్టరీ మూసుకోవాలా అని. వాళ్లు రాకపోతే ఏమయ్యేది? ఎక్కడ నరికారని అడిగేవాడే లేని చెక్క కొనుక్కునేవాళ్లు. వాళ్లను లోపలికి తేవడానికి రాశానమ్మా ఇది. ఒక్కడి పొరపాటుకు అందరి పనీ పోకూడదని."

"అందరి పనీ పోకుండా ఒక్కడి పని పోతోంది సార్."

"నువ్వు నిన్న మొన్న వచ్చి అలా అనడం తేలిక."

"ఆ ఒక్కడు బయట కూర్చున్నాడు. రమ్మన్నాను. యార్డు ఖాళీ చెయ్యమన్నది ఎవరో మీరే అడగండి. మేనేజరు చెబితే చేసిన పని వ్యక్తి పొరపాటు ఎలా అవుతుందో నాకు చెప్పండి."

హృషికేశ్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. పిలవవద్దని అనలేదు.

కనకరాజు లోపలికి వచ్చాడు. చెప్పులు బయట విప్పి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తల మీద రంపప్పొట్టు లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"కనకరాజు గారూ, నాకు యార్డులో చెప్పిందే సార్‌కు చెప్పండి" అంది హరిత. "పండగకు యార్డు సాఫ్ చెయ్యమని చెప్పింది ఎవరు?"

కనకరాజు కిటికీ వైపు చూశాడు. బయట మెట్రో ఆగి ఉంది. అది కదిలింది.

"ఎవ్వరు జెప్పలే. నేనే జేసిన."

"ఏంటి?"

"నేనే జేసిన మేడం. యాడాదికోసారి జేసుడు అలవాటే. ఎవ్వర్ని అడగలే. కట్టె నేనే పేర్పిచ్చిన. గీత సంగతి మర్శిన. తప్పు నాదే."

"ఆ రోజు మీరు నాతో..."

"ఆ రోజు ఏదో అన్న. భయానికి అన్న. సార్ పేరు జెప్తె నా మీదికి రాదనుకున్న."

అచ్యుతరావు కలం తీసి రాసుకున్నాడు. రాసింది మళ్లీ చదివి వినిపించాడు. "ఇదేనా మీరన్నది?"

"గదే సార్."

"సంతోషం" అన్నాడు హృషికేశ్. "కనకరాజన్నా, నిజాయితీగ ఒప్పుకున్నవ్. నేను సర్టిఫికెట్టు మంచిగ ఇస్త. ఇంకోకాడ పని చూసుకో."

కనకరాజు అప్పుడు ఆయన వైపు తిరిగాడు.

"ఇయ్యాల అన్న అంటున్నవ్ సార్. పొద్దుగాల ఫోన్ల 'ఏయ్' అన్నవ్."

నమస్కారం పెట్టి బయటికి వెళ్లాడు.

హరిత మెట్ల మీద ఆయన్ని అందుకుంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగాడు.

"ఎందుకు చేశారు ఇట్ల?"

"జర మెల్లగ మాట్లాడు మేడం. కింద మనోల్లు ఉన్నరు."

కింద, గేటు పక్కన బండ్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఇందుశేఖర డోర్స్ యూనిఫాం చొక్కాలు.

"నిన్న పొద్దుమీకి ఇంటికొచ్చిన్రు" అన్నాడు కనకరాజు. "పోరగాండ్లు గాదు, పెండ్లిళ్లయి పిల్లలున్నోల్లు. నరేందరైతే కాళ్లు పట్టుకున్నడు. మేస్త్రీ, ముద్ర ఆగితే సరుకు ఆగుతది, సరుకు ఆగితే ముందుగాల కాంట్రాక్టోల్లనే తీస్తరు, మేం పోతం అన్నడు. అబద్ధమా? గాదు. గట్లనే జేస్తరు. కిందటిసారి చూసిన."

"కానీ తప్పు మీది కాదు."

"కాదు. నాకు తెల్సు, నీకు తెల్సు. తెల్సుడు వేరు మేడం, రాసుకునుడు వేరు. గా సారు రాసుకున్నడు."

"నేను రాసింది ఇంకా అట్లనే ఉంది."

"నువ్వు రాసినందుకే గద, నా పని పోయింది."

ఆయన గొంతు పెంచలేదు. హరిత రెయిలింగు పట్టుకుంది.

"నిన్ను అంటలేను" అన్నాడు కనకరాజు. "నువ్వు మంచికే రాసినవ్. నీ పుస్తకం మారుతదేమో. మారనీ. గది మారేటాల్లకు మా సెక్షన్ల ఎవ్వరుండరు. నేనొక్కన్ని పోతె అయిపాయె. నాకు యాడనన్న యార్డుల పని దొరుకుతది. నా పెండ్లాం పని ఉన్నది గద, ఇల్లు నడుస్తది."

ఆయన భార్య వెంకటనర్సమ్మ కూడా ఇందుశేఖర డోర్స్‌లోనే, సాండింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. తలుపులకు ఇసుకకాగితం మిషను పట్టే పని. ఆ వారం ఆమెది రెండో షిఫ్టు.

"ఆమెకు చెప్పారా?"

"ఇప్పుడు ఫోన్ జేసి జెప్త" అన్నాడు. మెట్లు దిగి వెళ్లాడు. బండ్ల మీదున్న నలుగురూ లేచి నిలబడ్డారు. ఒకతను కనకరాజు చెయ్యి పట్టుకోబోయాడు. కనకరాజు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

హరిత తిరిగి పైకి వచ్చేసరికి గదిలో అచ్యుతరావు ఒక్కడే ఉన్నాడు. రెండు కప్పుల టీ ఉంది. ఒకటి ఆమె వైపు జరిపాడు.

"ఆయన నోటితోనే వచ్చింది హరితా. ఇంక నేను గానీ నువ్వు గానీ చేసేదేం లేదు. వ్యక్తి పొరపాటు అని రాసి, ప్రమాణాలు సంతృప్తికరం అని సంతకం పెట్టు. సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. కొనేవాళ్లు ఎదురుచూస్తున్నారు."

"ఆయన అబద్ధం చెప్పాడని మీకు తెలుసా సార్?"

అచ్యుతరావు టీ తాగాడు.

"తెలుసా అని అడుగుతున్నాను."

"నలభై ఏళ్లుగా యార్డులు చూస్తున్నాను. మేస్త్రి తనంతట తాను యార్డంతా ఖాళీ చేయించడు. ఒక షిఫ్టు పని ఆగిపోతుంది. మేనేజరు ఒప్పుకోకుండా అది జరగదు."

"మరి?"

"మరి ఏంటి? నేను ఊహించింది రాయడానికి నిబంధన లేదు. ఆయన చెప్పింది రాయడానికి ఉంది." కప్పు కింద పెట్టాడు. "నీ పేరు వాళ్లకు ఇచ్చింది నేనే. పరిశీలనకు ఎవరైతే బాగుంటుందని అడిగితే, ఒక్క క్షణం ఆలోచించలేదు."

"నేను సంతకం పెడతానని ఇచ్చారా, చదువుతానని ఇచ్చారా?"

హరిత టీ ముట్టుకోకుండా బ్యాగు తీసుకుంది.

వెంకటనర్సమ్మను కలవడానికి ఆమె స్కూటరు మీద హబ్సిగూడ మీదుగా నాచారం వచ్చింది. ఇందుశేఖర డోర్స్ ముందు ఆగేసరికి రెండో షిఫ్టు వాళ్లు వస్తున్నారు. ఆడవాళ్లు టిఫిను డబ్బాలతో, ముక్కుకు కట్టుకునే గుడ్డలతో లోపలికి పోతున్నారు. వెంకటనర్సమ్మ పోలేదు. గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండి పక్కన నిలబడి ఉంది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"నువ్వేనా మేడం, మా ఆయన పేరు రాసినామె?"

"నేనే."

"చదువుకున్నోల్లకు పేరు రాయకుంట రాసుడు రాదా?"

"తప్పు చేశాను" అంది హరిత.

"ఆయన జేసిన తప్పు ముంగట నీదెంత. ఫోన్ జేసి జెప్పిండు. ఒప్పుకున్న, ఇగ ఫికర్ లేదు, నువ్వు పనికి పో అన్నడు. నన్ను అడిగి ఒప్పుకున్నడా? పదారేండ్లాయె, మేస్త్రి పెండ్లాం అని ఈ గేట్ల పోతున్న. రేపటికెల్లి గీత మర్శిన మొగోని పెండ్లామని పోవాల్నా?"

లోపలికి పోతున్న ఆడవాళ్లలో రాణి అనే ఆమె ఆగింది. వెంకటనర్సమ్మ పక్క మిషను ఆమెది.

"వదినా, పా లోపలికి. టైమైతున్నది."

"నేను రాను. నువ్వు పో."

"గిట్ల జేయకే. అన్న మనందరి కోసం ఒప్పుకున్నడు. నువ్వు లొల్లి జేస్తె ఆయన ఒప్పుకున్నది మట్టిల కలుస్తది. మా ఇంట్ల నేనొక్కదాన్నే పనిజేసేది, నీకు తెల్వదా?"

"తెల్సు. అందుకే పో అంటున్న."

రాణి పోలేదు. ఆమె వెనక ఇంకో ముగ్గురు ఆగారు.

అప్పుడే హృషికేశ్ కారు వచ్చింది. దారి మధ్యలో నిలబడ్డ ఆడవాళ్లను చూసి అద్దం దించాడు. హరితను కూడా చూశాడు.

"ఏందమ్మా వెంకటనర్సమ్మా, నీ పని ఎవ్వరు తియ్యలే గద. లోపలికి పో."

"తియ్యలే సార్. నా పని గురించి అడుగుతలేను. ఆయుధపూజ నాడు యార్డు సాఫ్ జెయ్యమన్నది ఎవరో జెప్పు."

"మీ ఆయనే చెప్పిండు, నేనే చేసిన అని. పెద్ద సార్ ముంగట చెప్పిండు."

"ఆయన జెప్పింది నేను ఇనలే. నువ్వు జెప్పింది ఇన్న." వెంకటనర్సమ్మ కారు దగ్గరికి నడిచింది. "మెట్ల మీద నిలవడి మైకుల జెప్పినవ్. ఓనరు గారి పిల్లలొస్తున్రు, ఫొటోలు దిగుతరు, ఒక్క కట్టె నేల మీద కనవడొద్దు అన్నవ్. పసుపు నీళ్లు కలిపింది నేనే, నీ ముంగటనే ఉన్న. నన్ను సూసి, పసుపు తక్కువైంది, ఇంకింత వెయ్యి అన్నవ్. యాదికొచ్చిందా?"

హృషికేశ్ హరితతో మాట్లాడాడు. "మేడం, మీరిక్కడికి రావాల్సింది గాదు. లేబర్‌ను రెచ్చగొట్టుడు మీ డ్యూటీల లేదు."

"నేనేం అనలేదు" అంది హరిత.

"ఆమె రెచ్చగొట్టలే సార్" అంది వెంకటనర్సమ్మ. "రాసుకోమ్మా మేడం. ఈసారి నా పేరుతోనే రాయి. వెంకటనర్సమ్మ, సాండింగ్ సెక్షన్. నేనొప్పుకుంటలేనని రాయి."

హరిత కలం తీసి రాసుకుంది.

హృషికేశ్ రాణి వైపు చూశాడు. "నువ్వు కూడ ఉన్నవా ఆ రోజు? మైకుల చెప్పిన్నా నేను?"

రాణి చేతిలోని గుడ్డ మడతపెట్టింది.

"ఉన్న సార్" అంది. "జెప్పిన్రు."

హృషికేశ్ అద్దం ఎక్కించాడు. కారు లోపలికి పోయింది. రెండింటికి సైరన్ మోగింది. కోత మిషన్లు మొదలైన చప్పుడు బయటికి వినిపించింది. సాండింగ్ షెడ్డు నుంచి చప్పుడు రాలేదు. లోపలికి వెళ్లిన ఆ సెక్షన్ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బయటికి వచ్చారు. కొందరు వెంకటనర్సమ్మ పక్కన నిలబడ్డారు. కొందరు ఆమెను తిట్టారు. తిట్టినవాళ్లు కూడా లోపలికి తిరిగి పోలేదు.

రెండూ ఇరవైకి వాచ్‌మన్ వచ్చి, మేనేజరు చెప్పాడంటూ గేటు మూసి, లోపలి వైపు నుంచి తాళం వేశాడు. సాండింగ్ సెక్షన్ ఆడవాళ్లందరూ గేటు బయట ఉన్నారు.